వాట్సాప్ గ్రూపులోకి ఒకేసారి వేల నంబర్లు ఎక్కించేకి ఏమన్నా దారి ఉందా?

గార్లదిన్నె_తోట

అందరికీ నమస్తే. మాది గార్లదిన్నె పక్క పల్లె, మా నాయనకు చీనీ (బత్తాయి) తోట ఉండాది. పోయిన సీజన్ నుంచి ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతాండా. అనంతపురం మార్కెట్ యార్డులో ఆ పొద్దు చీనీ టన్ను ఎంతకు పోయింది, మంచి కాయ ఎంత, చిన్న కాయ ఎంత, సూటు (తరుగు) పేరుతో ఎంత కోసినారు అని వాయిస్ పెడ్తా, అంతే. తోట కాడికి వచ్చే దళారి చెప్పే రేటుకీ యార్డు రేటుకీ తేడా తెలిస్తే చాలు గదా అని మొదలుపెట్టినా, ఇప్పుడు ఆరు వందల మంది దాకా చేరినారు, నార్పల పుట్లూరు శింగనమల వాళ్లే ఎక్కువ.

ఇప్పుడు సంగతేందంటే ఎరువుల అంగడి ఆయన ఒకరు, డ్రిప్ సామాన్లు అమ్మే ఆయన ఒకరు వాళ్ల పుస్తకాల్లో ఉన్న రైతుల నంబర్లు ఇచ్చినారు, ఎక్సెల్‌లో ఎక్కిస్తే రెండు వేల చిల్లర అయినాయి. ఒక్కొక్కటి సేవ్ చేసి యాడ్ చేస్తాంటే కొందరు పడతాండారు, కొందరికి 'యాడ్ చేయలేకపోయాం, ఇన్వైట్ పంపండి' అని వస్తాది. ఎందుకు కొందరికే అట్ల వస్తాదో తెలీదు. టౌన్లో ఒకాయన పదైదు నూర్లు ఇస్తే నా ఫోన్తో క్యూఆర్ స్కాన్ చేయించుకుని రాత్రికి రాత్రి అందర్నీ ఎక్కిస్తా అంటాండాడు. నాకు పైథాన్ కొంచెం వచ్చు, డిగ్రీలో నేర్చుకున్నా, సొంతంగా స్క్రిప్టు రాసుకోవచ్చా? రాసుకుంటే నంబర్ బ్లాక్ అయితాదా? తెలిసిన అన్నలు చెప్పండి. డబ్బులు పెట్టేంత సీన్ లేదు, ఇది ఉచితంగా చేస్తాండేది.

హంద్రీ_కోడర్

కర్నూలు నుంచి. ముందు నీకు కొందరికే ఎందుకు ఆగుతాందో చెప్తా, అది అర్థమయితే మిగతాది దానంతట అదే తెలుస్తాది.

వాట్సాప్ ప్రైవసీ సెట్టింగుల్లో 'గ్రూప్స్' అని ఒకటి ఉంటుంది, నన్ను ఎవరు గ్రూపులో చేర్చొచ్చు అనేది. 2019లో వచ్చింది ఇది. మామూలుగా 'ఎవ్రీవన్' మీదనే ఉంటుంది, అందుకే ఎక్కువ మంది పడిపోతాండారు. ఎవరైనా దాన్ని 'మై కాంటాక్ట్స్' అని మార్చుకుని ఉంటే వాళ్ల ఫోన్లో నీ నంబర్ సేవ్ అయి ఉండాల. చాలామంది ఇక్కడే పొరపడతారు, రెండు వేల నంబర్లు గూగుల్ కాంటాక్ట్స్‌లోకి సీఎస్‌వీ ఫైలుతో ఒక్క దెబ్బకు ఎక్కించి ఇంక పని అయిపోయింది అనుకుంటారు. నీ ఫోన్లో వాళ్లు ఉండేది కాదు లెక్క, వాళ్ల ఫోన్లో నువ్వు ఉండాల. ఆ సెట్టింగు పెట్టుకున్నోళ్లకు ప్రైవేటుగా ఇన్వైట్ పోతుంది, అది మూడు రోజులకు చచ్చిపోతుంది, వాళ్లు ఆ లోపల ఒప్పుకోకపోతే మళ్లీ పంపాల.

స్క్రిప్టు విషయం. వాట్సాప్ వెబ్‌ను ప్రోగ్రాంతో నడిపించే ఓపెన్ సోర్స్ లైబ్రరీలు, అంటే ఎవరైనా తీసుకుని వాడుకునే రెడీమేడ్ కోడ్, ఉన్నాయి, వాట్సాప్-వెబ్-జేఎస్ అని, బెయిలీస్ అని. ఇవి జావాస్క్రిప్టువి, పైథాన్ కావు, అయినా నేర్చుకోవడం కష్టమేం కాదు. గ్రూపులోకి మనుషుల్ని చేర్చే ఫంక్షన్ కూడా ఉంది, ఒక్కో నంబరుకు ఏమైందో ఒక కోడ్ తిప్పి ఇస్తుంది. 200 అంటే పడ్డారు, 403 అంటే ప్రైవసీ అడ్డం వచ్చింది, 404 అంటే ఆ నంబరుకు వాట్సాపే లేదు, 408 అంటే ఈ మధ్యనే గ్రూపులోంచి బయటికి పోయినారు కాబట్టి నువ్వు వెంటనే మళ్లీ లాక్కోలేవు, 409 అంటే ఆల్రెడీ ఉన్నారు. అంటే టెక్నికల్‌గా అయ్యే పనే. కానీ వాట్సాప్-వెబ్-జేఎస్ వాళ్లే మొదటి పేజీలో రాసి పెట్టినారు, ఇది అఫీషియల్ కాదు, నంబర్ బ్లాక్ కాదని గ్యారంటీ ఇవ్వలేం అని. వాట్సాప్ నిబంధనల్లో కూడా బల్క్‌గా, ఆటోమేటిక్‌గా మెసేజీలు పంపేదీ గ్రూపులు చేసేదీ కుదరదనే ఉంది. మధ్యలో గ్యాప్ ఇచ్చి స్లోగా చేస్తే పట్టుకోరు అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్లు చెప్పనిది ఏందంటే స్పీడ్ ఒక్కటే కాదు, చేర్చినోళ్లలో ఎంతమంది రిపోర్ట్ కొట్టి బయటికి పోయినారు అనేది కూడా లెక్కలోకి వస్తుంది. నువ్వు ఎంత మెల్లగా చేర్చినా ఆ రిపోర్టులు ఆగవు.

ఇంకోటి, మామూలు గ్రూపుకు 1024 మందే. నీ దగ్గర ఆరు వందలు ఉంటే రెండు వేలు ఎట్లా పట్టిస్తావు?

బుగ్గవంక

కడప నుంచి. కోడర్ అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఆ పదైదు నూర్ల ఆయన దగ్గరికి పోవాకప్పా. క్యూఆర్ స్కాన్ చేయించుకునేది అంటే నీ వాట్సాప్‌ను ఆయన కంప్యూటర్లో లింక్ చేసేది. అయిపోయినాక కూడా ఆయన ల్యాప్‌టాప్‌లో నీ చాట్లన్నీ తెరిచే ఉంటాయి, నువ్వు తీసేసేదాకా. మా బామ్మర్ది ఒక కోచింగ్ సెంటర్ అడ్మిషన్లకని ఇట్లనే ఒకర్ని నమ్మినాడు, నంబర్ బ్యాన్ అయ్యింది సరే, అంతకంటే ఘోరం ఏందంటే ఆ నంబర్ నుంచి తల్లిదండ్రులకు పార్ట్ టైం జాబ్ అని లింకులు పోయినాయి. ఎవరు పంపినారో ఇప్పటికీ తెల్దు, తిట్లు మాత్రం మావాడే తిన్నాడు.

ఇంతకుముందు ఎప్పుడన్నా ఎవరి దగ్గరన్నా స్కాన్ చేసి ఉంటే ఇప్పుడే సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి చూసుకో, తెలీనిది ఏదన్నా ఉంటే లాగౌట్ కొట్టేయ్.

బ్యాన్‌లు అనేది ఊరికే భయపెట్టే మాట కూడా కాదు. 2021 ఐటీ రూల్స్ వచ్చినప్పటి నుంచి వాట్సాప్ వాళ్లు ఇండియాలో ఎన్ని అకౌంట్లు మూసేసినారో నెలనెలా రిపోర్ట్ ఇస్తాండారు, లక్షల్లో ఉంటాయి అవి. నీ గ్రూపుకు నువ్వొక్కడివే అడ్మిన్ అయితే నీ నంబర్ పోయిన రోజు ఆ ఆరు వందల మంది కూడా దిక్కు లేకుండా పోతారు. ముందు ఇంకో ఇద్దర్ని అడ్మిన్ చెయ్.

యల్లనూరు_రైతు

నాయనా నేను కోడింగ్ గీడింగ్ తెలిసినోన్ని కాదు, మా కొడుకు చూపిస్తే చదువుతాండా. నీ గ్రూపు మంచిదే, రేట్లు చెప్పేవాడు ఒకడుండల్ల. కానీ నాది కూడా డ్రిప్ అంగడి పుస్తకంలో నంబర్ ఉంటాది. నేను పైపులు కొనేకి రాయించినా గానీ గ్రూపుల్లో ఏసేకి రాయించలా. నన్ను అడక్కుండా ఎవరెవరో ఏసిన గ్రూపులు లెక్కేలేదు, పార్టీలోళ్లవి, ప్లాట్లు అమ్మేవాళ్లవి, విత్తనాల కంపెనీలవి, తెల్లారి ఫోన్ తీస్తే గుడ్ మార్నింగులకే మెమరీ నిండిపోతాంది. తెలీనోడు ఏసినాడంటే రేటు గ్రూపా ఇంగోటా అని కూడా చూడను, ఎగ్జిట్ కొడతా. నాలాంటోళ్లే ఎక్కువ. నువ్వు రెండు వేలమందిని ఏసినా ఉండేది ఎంతమందో చూస్కో.

గార్లదిన్నె_తోట

పెద్దాయనా మీరు చెప్పింది నిజమే. నేను మంచి పనికే గదా అనుకున్నా గానీ వాళ్లకు అది తెలిసేది ఎట్ల. బుగ్గవంక అన్నా లింక్డ్ డివైజెస్ చూసినా, ఏం లేవు, ఇద్దరు అడ్మిన్లను కూడా పెట్టినా.

అయితే ఒక డౌటు. ఊరికే నా గ్రూపు లింకు ఫార్వర్డ్ చేసుకుంటా పోతే సరిపోతాదా? ఎవరికి కావల్లంటే వాళ్లు వచ్చేస్తారు గదా, ఇంగ ఆటోమేటిక్ ఏందుకు?

హంద్రీ_కోడర్

వచ్చేస్తారు, వాళ్లతో పాటు రావాల్సిన అవసరం లేనోళ్లు కూడా వస్తారు. ఆ లింకు నువ్వు రీసెట్ చేసేదాకా బతికే ఉంటుంది, ఒక ఫేస్‌బుక్ పోస్టులో పడితే చాలు. 2020 ఫిబ్రవరిలో వాట్సాప్ గ్రూపుల లింకులు గూగుల్ సెర్చ్‌లో దొరుకుతున్నాయని పెద్ద గోల అయింది, గుర్తుండే ఉంటుంది. లింకుతో వచ్చినోడికి గ్రూపులో ఉన్న అందరి నంబర్లు కనపడతాయి, అంటే ఆరు వందల మంది రైతుల నంబర్లు వాడి చేతిలో పెట్టినట్టే. అందుకే గ్రూపు సెట్టింగుల్లో కొత్తవాళ్లను అడ్మిన్ అప్రూవ్ చేసేది ఆన్ చేసుకో.

ఇప్పుడు ఆటోమేటిక్ గురించి. నువ్వు తలుపు అవతల నిలబడి లోపలికి తోసే పనిని ఆటోమేట్ చేయాలని చూస్తాండావు, వాళ్లే తట్టినప్పుడు తలుపు తీసే పనిని ఆటోమేట్ చెయ్. దీనికి స్క్రిప్టు కూడా అక్కర్లేదు, డబ్బులు కూడా వద్దు.

ఒక పాత ఫోన్లో వేరే సిమ్ వేసి వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టు, నీ ఇంటి నంబర్ దీనికి వాడొద్దు. దాంట్లో బిజినెస్ టూల్స్ లోపల గ్రీటింగ్ మెసేజ్ అని ఉంటుంది. ఎవరైనా ఫస్ట్ టైం మెసేజ్ పెడితే, లేకుంటే 14 రోజులు ఏ మాటా లేకుండా ఉండి మళ్లీ పెడితే, అదే జవాబు పంపిస్తుంది. ఆ జవాబులో నువ్వు ఎవరు, గ్రూపులో ఏం పెడతావు, ఏం పెట్టవు, కింద చేరే లింకు రాసి పెట్టు. ఎవరికి పంపాలి అనే చోట 'ఎవ్రీవన్' అని పెట్టుకో, ఎందుకంటే అడ్రస్ బుక్‌లో లేనోళ్లకు మాత్రమే అని పెడితే నువ్వు సేవ్ చేసుకున్నోళ్లకు పోదు, చాలామంది ఇక్కడ పనిచేయట్లేదు అని గింజుకుంటారు. ఆ ఫోన్లో నెట్ మాత్రం ఆన్‌లో ఉండాల.

వాళ్లు నీకు ఫస్ట్ మెసేజ్ పెట్టేది ఎట్లా అంటే, డబ్ల్యూఏ డాట్ ఎంఈ స్లాష్ పెట్టి 91 తర్వాత నీ పదంకెల నంబర్ కొడితే అది నేరుగా నీ చాట్ తెరిచే లింకు. చివర టెక్స్ట్ అని కలిపి ముందే రాసిపెట్టిన మాట కూడా ఇవ్వొచ్చు, రైతు పంపు బటన్ నొక్కితే చాలు, టైప్ చేసే పని లేదు. దాన్నే క్యూఆర్ చేసి ఆ ఎరువుల అంగడి ఆయన కౌంటర్ మీద, డ్రిప్ ఆయన బిల్లు పుస్తకం అట్ట మీద, మీ ఊర్ల రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించు. వాళ్లు నంబర్లు ఇచ్చేదానికంటే ఇది వాళ్లకు కూడా సేఫ్. డిజిటల్ పర్సనల్ డేటా చట్టం 2023లో వచ్చింది, ఒక పనికి ఇచ్చిన నంబర్ ఇంకో పనికి వాడాలంటే ఆ మనిషి ఒప్పుకోవాల, పెద్దాయన చెప్పింది అదే, ఆయన మాటల్లో.

నల్లమల_నెట్

నంద్యాల నుంచి. ఇంత తిప్పలు ఎందుకు, టెలిగ్రామ్ పెట్టు తమ్ముడూ. గ్రూపులో రెండు లక్షల మంది పడతారు, బాట్ (మన బదులు తనంతట తాను పనిచేసే ప్రోగ్రాం) ఫ్రీ, పైథాన్ వచ్చంటివి కదా. బాట్లు తయారుచేసి ఇచ్చే టెలిగ్రామ్ వాళ్ల సొంత బాట్ 'బాట్ ఫాదర్' దగ్గర టోకెన్ (నీ బాట్ తాళం లాంటి కోడ్) తీసుకుని, నీ బాట్‌ను గ్రూపులో అడ్మిన్ చేస్తే చాలు, ఒక్కో ఊరికి ఒక్కో ఇన్వైట్ లింక్ బాటే తయారుచేస్తుంది, ఆ లింకు ఏ రోజు చావాలో, ఎంతమందికి పనిచేయాలో కూడా నువ్వే పెట్టొచ్చు. జాయిన్ రిక్వెస్ట్ లింకు చేస్తే ఎవరన్నా నొక్కిన వెంటనే బాట్‌కు కబురు వస్తుంది, బాట్ ఆ మనిషికి మెసేజ్ పెట్టి నీది ఏ మండలం, ఎన్ని చెట్లు అని అడిగి, జవాబు వచ్చినాక అప్రూవ్ కొట్టొచ్చు. ఏ లింకు నుంచి వచ్చినారో కూడా తెలుస్తుంది, అంటే ఏ అంగట్లో పోస్టర్ పనిచేస్తాందో లెక్క దొరుకుతుంది. ఇదంతా అఫీషియలే, బ్యాన్ భయం లేదు.

కానీ ఒకటి, బాట్ తనంతట తాను ఎవర్నీ గ్రూపులోకి లాగలేదు. టెలిథాన్ లాంటి లైబ్రరీతో నీ సొంత అకౌంట్ మీద లాగే స్క్రిప్టులు దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు, మొదట ఫ్లడ్ వెయిట్ అని కాసేపు ఆగమంటుంది, తర్వాత పీర్ ఫ్లడ్ అని వస్తుంది, అది వచ్చిందంటే నీ అకౌంట్ కొత్తవాళ్లకు మెసేజ్ పెట్టేదే ఆపేస్తారు.

బుగ్గవంక

నల్లమల అన్నా టెక్నాలజీ పరంగా నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టే గానీ, చీనీ రైతు టెలిగ్రామ్ యాడ తెరుస్తాడు? మా పులివెందుల వైపు టెలిగ్రామ్ అంటే సినిమాలు దించుకునేది అనుకుంటారు. యాప్ ఎక్కించు, ఓటీపీ కొట్టు, గ్రూపు వెతుకు, ఇంత చేసేది ఇరవైలో ఒకరిద్దరు పిల్లోళ్లు. రైతు ఆల్రెడీ ఉండే చోటికి మనం పోవల్ల గానీ మనకు సులువుగా ఉండే చోటికి వాళ్లను రమ్మంటే వస్తారా.

వాట్సాప్ చానెల్ ఐతే ఏమన్నా ఆలోచించినావా తమ్ముడూ? 2023 సెప్టెంబర్ నుంచి ఇండియాలో ఉంది, ఎంతమందైనా ఫాలో కావచ్చు, ఒకరి నంబర్ ఒకరికి కనపడదు, నువ్వు పెట్టేది రేటు మాత్రమే కాబట్టి సరిగ్గా సరిపోతాది, లింకు కొడితే ఫాలో, అప్రూవల్ గోల లేదు.

గార్లదిన్నె_తోట

చానెల్ నాకు నచ్చింది గానీ రెండు చిక్కులు కనపడతాండాయి. ఒకటి, మా పక్కింటి మామ ఫోన్లో పెట్టి చూసినా, నోటిఫికేషన్ రాలేదు, మ్యూట్‌లో ఉండాది. ఆయన అప్‌డేట్స్ ట్యాబ్ తెరిచేది స్టేటస్‌లు చూసేకి మాత్రమే. రెండు, గ్రూపులో నేను రేటు పెట్టినాక రైతులు 'తాడిపత్రి వైపు దళారి ఇంత అడిగినాడు', 'మా తోటలో కాయ రాలతాంది ఏం కొట్టల్ల' అని మాట్లాడుకుంటారు, అసలు విలువ అందులోనే ఉండాది, చానెల్లో రైతు తిరిగి మాట్లాడేకి లేదు గదా.

హంద్రీ_కోడర్

చానెల్ ఫాలో కొట్టగానే మామూలుగా మ్యూట్‌లోనే ఉంటుంది, పైన గంట బొమ్మ నొక్కి తీయాల, అది పోస్టర్ మీద రాస్తే కొందరు చేస్తారు. మాటలు కావాలంటే కమ్యూనిటీ పెట్టు. పైన అనౌన్స్‌మెంట్ గ్రూపు ఒకటి ఉంటుంది, అందులో అడ్మిన్లే రాస్తారు, 1024 కంటే ఎక్కువ మంది పడతారు, మెంబర్లకు ఒకరి నంబర్ ఒకరికి కనపడదు. దాని కింద నార్పల గ్రూపు, పుట్లూరు గ్రూపు, శింగనమల గ్రూపు అని పెట్టుకో, మాట్లాడుకోవాలన్నవాళ్లు వాళ్ల మండలం గ్రూపులో చేరతారు, ఊరికే రేటు కావాలనేవాళ్లు పైన ఉంటారు. గ్రీటింగ్ మెసేజ్‌లో కమ్యూనిటీ లింకు ఒక్కటే పెడితే చాలు. ఇప్పుడున్న ఆరు వందల మంది గ్రూపును కూడా అట్లే కమ్యూనిటీలో కలుపుకోవచ్చు, కొత్తగా ఎవర్నీ పిలవక్కర్లేదు, కలిపే ముందు గ్రూపులో ఒక మాట చెప్పు.

ఇంక ఆ ఎక్సెల్ రెండు వేల నంబర్లు. వాటికి ఎవరెవరికి మెసేజ్ పంపొచ్చో ఎరువుల ఆయన్నే తేల్చమను. ఆయన రైతు అంగడికి వచ్చినప్పుడు నోటితో చెప్పి క్యూఆర్ చూపిస్తే సరే. ఆయనే బిజినెస్ యాప్‌లో బ్రాడ్‌కాస్ట్ పెడతా అంటే లిస్టుకు 256 మందే, పైగా ఆయన నంబర్ సేవ్ చేసుకున్నోళ్లకే అది పోతుంది. ఆ రూల్ మన మంచికే అనుకో, ఆయన్ను తెలిసినోళ్లకే పోతుంది కాబట్టి రిపోర్టులు పడేది తక్కువ.

గార్లదిన్నె_తోట

ఇది బాగుండాది అన్నా. ఎక్సెల్ పక్కన పెట్టేసినా. నిజం చెప్పాలంటే ఆ షీట్ కూడా సగం పాడే, కొన్ని నంబర్లు 9.44ఈ+09 అని వచ్చి చివరి అంకెలు కనపడకుండా పోయినాయి, కొన్నిటికి ముందు సున్నా, ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ అదే నంబర్.

కీప్యాడ్ ఫోన్ వాళ్లకు ఏం చేయల్ల? మా దగ్గర వయసు మళ్లిన రైతులు శానా మంది ఉండారు. బల్క్ ఎస్సెమ్మెస్ పంపచ్చా?

నల్లమల_నెట్

పంపొచ్చు గానీ మన లెవెల్‌కు బరువు. వ్యాపారంగా బల్క్ ఎస్సెమ్మెస్ పంపాలంటే ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) రూల్ ప్రకారం డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల రిజిస్టర్‌లో నమోదు కావాల, పంపే పేరు, మెసేజ్ నమూనా రెండూ ముందే అప్రూవ్ చేయించుకోవాల. తెలుగులో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే, గుణింతం గుర్తులు కూడా లెక్కే, దాటితే రెండో ఎస్సెమ్మెస్ చార్జి. ఏదన్నా రైతు ఉత్పత్తిదారుల సంఘం మీ పక్కన ఉంటే వాళ్ల రిజిస్ట్రేషన్ మీద పంపించుకో, లేకుంటే పాల కేంద్రం కాడ బోర్డు మీద సుద్దముక్కతో రేటు రాయించు, పొద్దునా సాయంత్రం అందరూ అక్కడికే వస్తారు కదా.

యల్లనూరు_రైతు

పాల కేంద్రం బోర్డు మాట శానా బాగుంది. మా ఊర్లో నేను రాయిస్తా, రేటు వచ్చినాక నాకు పంపు. ఆ క్యూఆర్ కాగితం కూడా ఒకటి పంపిస్తే పక్కన అంటిస్తా.

గార్లదిన్నె_తోట

తప్పకుండా పంపిస్తా పెద్దాయనా. కోడర్ అన్నా, క్యూఆర్ చేసినా గానీ ఒక సమస్య. ముందే రాసిపెట్టే మాట తెలుగులో 'చీనీ రేటు కావాలి, మా మండలం' అని పెట్టినా, క్యూఆర్ చూస్తే చీమలు పాకినట్టు ఒత్తుగా వచ్చింది, మా నాయన పాత ఫోన్తో ఎంత పట్టినా స్కాన్ కాలేదు. ఏం తప్పు?

హంద్రీ_కోడర్

తప్పేం లేదు, లింకులో తెలుగు నేరుగా పోదు, ఒక్కో అక్షరం గుర్తు మూడు బైట్లు, ఒక్కో బైటు మూడు క్యారెక్టర్లుగా మారుతుంది, అంటే గుర్తుకు తొమ్మిది. 'చీనీ' అనే ఒక్క మాటకే గుణింతాలతో కలిపి 36 క్యారెక్టర్లు అయిపోతాయి, నువ్వు పెట్టిన వాక్యం లెక్కేసుకో. ఎంత పొడుగు లింకో అంత ఒత్తు క్యూఆర్. బిజినెస్ యాప్‌లోనే షార్ట్ లింక్ అని ఉంటుంది, మాటను అక్కడ రాసుకుంటే లింకు చిన్నదిగా వస్తుంది, దానికి క్యూఆర్ కూడా అదే ఇస్తుంది. లేదంటే మాట మొత్తం తీసేసి ఉత్త నంబర్ లింకు పెట్టు, వాళ్లు చీనీ అని పెట్టినా హలో అని పెట్టినా గ్రీటింగ్ ఎట్లాగూ పోతుంది. ప్రింట్ మాత్రం అరచేయంత సైజు తీయించు, చుట్టూ తెల్ల అంచు వదిలిపెట్టు, మెరిసే లామినేషన్ వేయించొద్దు, ఎండ పడితే కెమెరాకు కనపడదు. గోడకు అంటించే ముందు మీ నాయన ఫోన్తోనే ఒకసారి కొట్టి చూడు, ఆ ఫోన్లో పడితే ఎవరి ఫోన్లోనైనా పడుతుంది.